జమాఖర్చులు – కార్యనిర్ణయములు

(గ్రామ సహకార సంఘముల కార్యదర్శులును, మహిళా పొదుపు సంఘముల ప్రతినిధులును హైదరాబాదు సందర్శించిన సందర్భమున గావించిన ప్రసంగపాఠము)



ఈ ఉదయము మీరందరు మాదాపూరు ప్రాంతమున తిరిగి హైటెక్ సిటీ భవనములను చూచి వచ్చితిరి. సైబర్ టవర్స్ అను గుండ్రని కట్టడము ఎదుట నిలిచి, ‘ఇందులో ఏమి తయారగును?’ అని మీలో ఒక సోదరి ప్రశ్నించినట్లు తెలిసినది. చాల మంచి ప్రశ్న. 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి ఆ భవనమునకు ప్రారంభోత్సవము గావించిరి. ఆనాడు చుట్టుపట్ల రాతిగుట్టలే యుండెడివి. నేడు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు అద్దాల మేడలే. అయినను అచటినుండి బయలువెడలు ఏ లారీలోను సరకు కానరాదు. కారణ మేమన, అచట అమ్ముడగు సరకు మనుష్యుల పనిగంటలు.

ఒక ఇంజనీరు ఇన్ని గంటలు పనిచేసినందుకు అమెరికాలోని ఒక బ్యాంకో, ఐరోపాలోని ఒక బీమా కంపెనీయో ఇంతయని చెల్లించును. కంపెనీ నెలాఖరున బిల్లు పంపును. ఆ డబ్బు చేతికి వచ్చుటకు రెండు మూడు నెలలు పట్టును. జీతములు మాత్రము నెల తిరుగగనే చెల్లింపవలెను. పని దొరకక ఊరక కూర్చున్న ఇంజనీర్లను వారు ‘బెంచి మీద ఉన్నవారు’ అందురు. కొట్టములో కట్టివేసిన ఎద్దు అరక దున్నకపోయినను మేత మేయక మానదు గదా! అందువలన అచటి మేనేజర్లు ప్రతి వారము చూచుకొను లెక్క యొకటి కలదు. ఉన్నవారిలో ఎందరు బిల్లు పడు పనిలో నున్నారు, ఎందరు బెంచిపై నున్నారు, పంపిన బిల్లులలో ఎన్ని ఇంకను రాలేదు అన్నదే ఆ లెక్క. క్రొత్తవారిని తీసికొనవలెనా, ఆ ఖాతాదారు కోరిన తక్కువ రేటుకు ఒప్పుకొనవలెనా అను నిర్ణయములు దానిని చూచియే చేయుదురు.

ఈ సంగతి మీకు దూరపుదని తలంపవలదు. మీలో పలువురి సంఘములకు ట్రాక్టరు, రోటవేటరు అద్దెకిచ్చు కేంద్రములు కలవు. మీరును గంటలనే అమ్ముచున్నారు. లెక్కకు అనువుగా నుండుటకై కొన్ని అంకెలు అనుకొందము. డ్రైవరు జీతము, బ్యాంకు వాయిదా, బీమా, కొట్టపు అద్దె కలిసి నెలకు 30,000 రూపాయలు. ట్రాక్టరు నడచినను, నిలిచినను ఈ ఖర్చు తప్పదు. నడచిన ప్రతి గంటకు డీజిలు, ఆయిలు 500 రూపాయలు. గంటకు అద్దె 1,000 రూపాయలు. ఒక నెలలో 80 గంటలు నడచినది. రాబడి 80,000 అని కార్యదర్శి సంతోషించును. డీజిలుకు 40,000, తప్పని ఖర్చులకు 30,000 పోగా మిగిలినది పదివేలు మాత్రమే. 60 గంటలు నడచియుండినచో మిగులు సున్న. ఈ 60 అను అంకెయే ఆ కేంద్రమునకు ప్రాణము. దానిని గోడమీద సుద్దతో వ్రాసియుంచుడని మా సలహా. నెలలో ఇరువదవ తేదీ నాటికి 35 గంటలే నడచినచో, పొరుగూరికి కబురు పంపుటకు ఇంకను పది రోజుల వ్యవధి యుండును. సంవత్సరాంతమున ఆడిటరు వచ్చి చెప్పువరకు వేచియుండుట వలన ఆ పది రోజులు తిరిగి రావు.

వేసవిలో ఒక రైతు వచ్చి, గంటకు 700 ఇత్తును, పదునైదు గంటల పని యున్నదని అడిగెననుకొందము. కార్యదర్శి లెక్క కట్టెను: తప్పని ఖర్చు 30,000లను 80 గంటలకు పంచగా గంటకు 375, డీజిలు 500, వెరసి 875. ‘875 పడుదానిని 700కు ఎట్లిత్తుము?’ అని త్రిప్పిపంపెను. ఈ లెక్కలో కూడిక తప్పు లేదు గాని, నిర్ణయము తప్పు. వేసవిలో బండి ఊరక నిలిచియున్నది. ఆ 30,000 ఎట్లును పోవును. ఈ పనికి క్రొత్తగా అగు ఖర్చు డీజిలు 500 మాత్రమే. గంటకు 200 చొప్పున మూడువేల రూపాయలు చేతికి రావలసినవి పోయినవి. అదే ఏరువాక వేళ, పదిమంది క్యూలో నిలిచినపుడు, 700కు ఒప్పుకొనుట అవివేకము. ఒకే అంకె ఒక కాలమున అవునని, ఒక కాలమున కాదని చెప్పును. (వేసవిలో 700కు ఇచ్చితిరని తెలిసిన రైతులు ఏరువాకకును అదే అడుగుదురు. ఆ చిక్కును లెక్కల పుస్తకము తీర్పదు, ముందుగా తీర్మానము చేసి చాటించుకొనవలెను.)

ఇక అరువు మాట. ఆ 80 గంటలలో 30 గంటలు పంట చేతికి వచ్చిన పిమ్మట ఇత్తుమన్నవారివి. అపుడు చేతికి వచ్చినది 50,000. చెల్లింపవలసినది 70,000. పుస్తకములో పదివేలు లాభము, పెట్టెలో ఇరువదివేలు లోటు! రెండును నిజమే. లాభనష్టముల పట్టిక ఒకటి చెప్పును, నగదు పుస్తకము మరియొకటి చెప్పును. డీజిలు బంకువాడు లాభనష్టముల పట్టికను పుచ్చుకొని డీజిలు పోయడు. అందుచేత ఈ రెండింటితోపాటు మూడవదిగా బాకీల జాబితా యుండవలెను. ఎవరు, ఎంత, ఎన్ని నెలలనుండి అన్నది అందు తేలవలెను. మొత్తము బాకీ ఎంతయో వ్రాసి ఊరకుండిన చాలదు. నెల బాకీ వేరు, సంవత్సరపు బాకీ వేరు.

ఇంతవరకు చెప్పినదంతయు ఒక్క స్తంభముపై నిలిచియున్నది. వ్రాసిన అంకె నిజమై యుండవలెను. అది అబద్ధమైనపుడు ఒక సంస్థను నడుపువారి నిర్ణయములు ఏమగునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. మాదాపూరులోని ఇన్ఫోసిటీలో ఒక పెద్ద కార్యాలయము గల సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అను కంపెనీ చరిత్రమే చాలును.

ఆ కంపెనీని 1987లో హైదరాబాదులో శ్రీ బి. రామలింగరాజు స్థాపించిరి. 2001లో దాని వాటాలు న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజిలో సైతము చోటు సంపాదించినవి. కంపెనీ నిర్వహణము ఆదర్శప్రాయముగా నున్నదని 2008 సెప్టెంబరులో దానికి గోల్డెన్ పీకాక్ బహుమతి లభించెను. పల్లెటూళ్లలో చదివి పైకి వచ్చిన ఎందరో యువకులు, యువతులు అందు పనిచేయుచుండిరి. 2009 జనవరి 7వ తేదీన రామలింగరాజు డైరెక్టర్ల బోర్డునకు ఒక లేఖ వ్రాసి, పుస్తకములలోని అంకెలు చాలకాలముగా అబద్ధములని తామే తెలియజేసిరి. ఆ ఒక్క దినమున వాటా ధర నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయెను.

ఆ లేఖలోని అంకెలను మనము నెమ్మదిగా చదువుట మంచిది. అందు నేర్చుకొనదగినది చాల గలదు. 2008 సెప్టెంబరు 30 నాటి పట్టికలో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలని చూపబడినది. అందు 5,040 కోట్లు లేనివి. అనగా నిజముగా నున్నది 321 కోట్లు. రావలసిన వడ్డీ అని చూపిన 376 కోట్లు లేనివే. ఖాతాదారులనుండి రావలసిన బాకీ 2,651 కోట్లని యుండగా, అందు 490 కోట్లు హెచ్చుగా చూపినవి. చెల్లింపవలసిన 1,230 కోట్ల అప్పు పుస్తకములలో కానరాదు. ఆ మూడు నెలలకు రాబడి 2,700 కోట్లని, పని మీద మిగులు 649 కోట్లని ప్రకటించిరి. నిజమైన రాబడి 2,112 కోట్లు, నిజమైన మిగులు 61 కోట్లు.

ఇపుడు మీరు కాగితముపై ఒక చిన్న తీసివేత చేయుడు. 2,700లో 649 పోగా ఖర్చు 2,051. 2,112లో 61 పోగా ఖర్చు మరల 2,051. ఖర్చు రెండు లెక్కలలోను ఒక్కటియే! మనుష్యులు నిజము, వారి జీతములు నిజము. కల్పించినది బిల్లులను మాత్రమే. లేని పనికి ఖర్చు ఉండదు గనుక, దొంగబిల్లు యొక్క ప్రతి రూపాయియు నేరుగా లాభములోనికి పోయినది. ఆ మూడు నెలలలో అట్లు కల్పించినది 588 కోట్లు. అయితే బిల్లు వ్రాసిన పిమ్మట డబ్బు ఎన్నటికిని రాకున్నచో, బాకీల జాబితా ఉబ్బిపోయి ఎవరో ఒకరు ప్రశ్నింతురు. అందుచేత ఆ డబ్బు వచ్చినట్లును వ్రాయవలసినదే. వచ్చిన డబ్బు ఎక్కడ నుండవలెను? బ్యాంకులో. కావున దొంగబిల్లు కొంతకాలమునకు దొంగ బ్యాంకు నిల్వగా మారును. ఆ మూడు నెలలలో లేని బ్యాంకు నిల్వ సరిగా 588 కోట్లే పెరిగినదని ఆ లేఖయే చెప్పుచున్నది. అన్నిటికంటె సులభముగా సరిచూడదగిన చోటనే అతిపెద్ద అబద్ధము దాగియుండెను.

ఈ కథను మోసపు కథగానే చాలమంది చెప్పుదురు. మీ వంటి నిర్వాహకులు దీనిని వేరొక దృష్టితో చూడవలెనని మా కోరిక. నూటికి మూడు రూపాయలు మాత్రమే మిగులుచున్న కంపెనీ యజమాని ఏమి చేయవలెను? ఏ ఖాతాదారు పని నష్టము తెచ్చుచున్నదో వెదకవలెను. బెంచిపై నున్నవారిని తగ్గింపవలెను, క్రొత్త భవనములు మానవలెను. నూటికి ఇరువదినాలుగు మిగులుచున్నదని లోకమునకు చెప్పిన యజమాని ఇందులో ఒక్కటియు చేయలేడు. లోకము అతనిని విస్తరింపుమని కోరును. ఆ లేఖలోనే ఒక మాట కలదు: పుస్తకములలో చూపిన పెద్ద వ్యాపారమునకు తగినట్లుగా నుండుటకై కంపెనీ అదనపు సిబ్బందిని, ఆస్తులను పోషింపవలసి వచ్చెనట. దానివలన నిజమైన ఖర్చు పెరిగి, నిజమునకు పుస్తకమునకు నడుమ దూరము మరింత హెచ్చెనట. అబద్ధపు అంకెకు నిజమైన జీతములు చెల్లింపవలసి వచ్చినదన్నమాట! వాటాదారుని మోసగించుటకు వ్రాసిన పుస్తకము, వ్రాసినవాని చేతినే కట్టివేసెను. క్రింది స్థాయి మేనేజర్లలో నిజము తెలియనివారు ఆ అంకెలనే నమ్మి తమ శాఖల ప్రణాళికలు వేసికొనియుందురు గదా.

చివరకు 2008 డిసెంబరు 16వ తేదీన, రాజుగారి కుటుంబమునకే చెందిన మేటాస్ అను రెండు కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనవలెనని బోర్డు తీర్మానించెను. లేని నగదుకు బదులు ఉన్న ఆస్తిని పుస్తకములో చేర్చు కడపటి ప్రయత్నమే అదియని లేఖ వలన తెలియుచున్నది. వాటాదారులు తీవ్రముగా ఎదిరించుటచే కొలది గంటలలోనే ఆ తీర్మానమును విరమించుకొనిరి. ఇరువది దినములు దాటిన పిమ్మట లేఖ వెలువడెను.

భారత ప్రభుత్వము పాత బోర్డును తొలగించి, శ్రీ దీపక్ పరేఖ్, శ్రీ కిరణ్ కార్నిక్, శ్రీ సి. అచ్యుతన్ గార్లను, పిదప మరి మువ్వురిని నియమించెను. అయిదువేల కోట్ల నగదు గలదని పట్టికలో చూపిన కంపెనీ, జీతములు ఎట్లు చెల్లించుటయా అని వెదకుకొనవలసిన స్థితిలో వారి చేతికి వచ్చెను. వారు ఖాతాదారులనుండి రావలసిన నిజమైన బాకీలను వసూలు చేయుటకు, బ్యాంకులనుండి అప్పు తెచ్చుటకు పూనుకొనిరి. 2009 ఏప్రిల్ 13వ తేదీన టెక్ మహీంద్రా కంపెనీ వాటాకు 58 రూపాయలు చొప్పున వేలములో పాడి దానిని గెలుచుకొనెను. కొనినవారికి సరియైన జమాఖర్చుల పట్టిక ఆనాడు లేదు! సరిదిద్దిన లెక్కలు 2010 సెప్టెంబరు 29 నాటికి గాని వెలువడలేదు. అబద్ధము వ్రాసిన పుస్తకమును నిజము చేయుటకు, ఎందరో లెక్కల నిపుణులు పూనుకొన్నను, ఇరువది నెలలు పట్టెను. 2013 జూనులో ఆ కంపెనీ టెక్ మహీంద్రాలో విలీనమైనది. వేలమంది ఉద్యోగములు నిలిచినవి గాని, నడుమ ఆ సంవత్సరము ఎన్ని ఇండ్లలో భయము గూడుకట్టుకొన్నదో హైదరాబాదులో బిడ్డలున్న పల్లెల వారికి తెలియును.

పల్లెలకు దీనితో మరియొక సంబంధము గలదు. 2005లో మన రాష్ట్రమున ఆరంభమైన 108 అంబులెన్సు సేవను స్థాపించిన సంస్థకు వెనుక నిలిచినది రాజుగారి కుటుంబమే. కాన్పు నొప్పులకు, పాముకాటుకు పల్లెపల్లెకు వచ్చు ఆ బండి ఆగునేమో యన్న ఆందోళన అపుడు పుట్టెను. నడుపు వ్యయములో అత్యధిక భాగమును ప్రభుత్వము భరించుచుండెను. 2009లో జి.వి.కె. సంస్థ ఆ బాధ్యతను స్వీకరింపగా సేవ కొనసాగెను.

న్యాయస్థానముల సంగతి క్లుప్తముగా చెప్పుదుము. 2015 ఏప్రిల్ 9వ తేదీన హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము రామలింగరాజును, మరి తొమ్మండుగురిని దోషులుగా నిర్ణయించి ఏడేండ్ల శిక్ష విధించెను. వారు అప్పీలు చేసికొనగా, మే మాసమున పై న్యాయస్థానము శిక్షను నిలిపివేసి బెయిలు మంజూరు చేసెను. 2013 నాటి కంపెనీల చట్టములో, పెద్ద కంపెనీలు కొన్ని సంవత్సరములకొకసారి ఆడిటరును మార్చి తీరవలెనను నిబంధన చేరెను.

ఆడిటరును మార్చుట మంచిదే. అయితే ఆ అయిదువేల కోట్లు లేవని కనుగొనుటకు గొప్ప విద్య అక్కరలేదని మా అభిప్రాయము. డిపాజిట్టు రశీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు నకిలీవని పరిశోధనలో తేలినది. నకిలీ రశీదును చూచి నిజమా అబద్ధమా అని తేల్చుట కష్టము. కాని ఆ బ్యాంకునకే నేరుగా ఉత్తరము వ్రాసి, ప్రత్యుత్తరమును నేరుగా తెప్పించుకొనినచో, నడుమ నకిలీకి తావెక్కడ? వడ్డీ సంగతి కూడ అంతే. డిపాజిట్టు నిజమైనచో వడ్డీ పడును, దానిపై పన్ను కోతపడును, ఆ కోతకు బ్యాంకు ధ్రువపత్రము ఇచ్చును. నిల్వను, వడ్డీని, ధ్రువపత్రమును ప్రక్కప్రక్కన పెట్టినచో ఒకదానికొకటి సాక్ష్యము చెప్పును.

మీ సంఘములలో ఈ పని మరింత సులభము. నగదు పుస్తకములోని బ్యాంకు నిల్వయు, పాసుపుస్తకములోని నిల్వయు నెలకొకసారి సరిపోల్చుడు. తేడా యున్నచో ఏ చెక్కు వలన వచ్చినదో వ్రాయుడు. మహిళా సంఘములలో ఒక మంచి అలవాటు కలదు. సమావేశములో పాసుపుస్తకమును చేతినుండి చేతికి త్రిప్పుదురు, అక్షరము రాని సభ్యురాలికి ప్రక్కనున్నామె చదివి వినిపించును. దీనిని చూచి నవ్వెడు చదువుకొన్న కార్యదర్శులు కొందరు కలరు. వారు తమ సంఘములో పాసుపుస్తకము ఎవరి బీరువాలో నున్నదో ముందు చెప్పవలెను.

కార్యదర్శి పుస్తకము వ్రాయును గనుక, బ్యాంకునకు ఉత్తరము వ్రాయువాడు కార్యదర్శి కారాదు. మార్చి 31 దాటిన మరునాడే, పాలకవర్గములో పుస్తకము వ్రాయని ఇద్దరు సభ్యులు ఆ తేదీ నాటి నిల్వ, డిపాజిట్లు, అప్పులు తెలుపుడని కోరుచు బ్యాంకు మేనేజరునకు ఉత్తరము సిద్ధపరచవలెను. ఖాతాదారుల సంతకము లేనిదే బ్యాంకు బదులీయదు గనుక, ఆ సంతకములు దానిపై చేయింపవలెను. ఉత్తరమును మాత్రము ఆ ఇద్దరే పోయి బ్యాంకులో ఇచ్చి, ప్రత్యుత్తరమును తామే తెచ్చుకొనవలెను. ఆ ప్రత్యుత్తరము విప్పి చదువువరకు ఆ నెల సమావేశములో క్రొత్త అప్పు తీర్మానము గాని, క్రొత్త యంత్రము కొనుగోలు గాని చేపట్టకుండుట మంచిది. బ్యాంకునకు వెళ్లిన ఇద్దరికి ఆ దినపు కూలి సంఘమే ఇయ్యవలెను. ఆ ఖర్చును ఏ పద్దు క్రింద వ్రాయవలెనని రేపటి తరగతిలో తప్పక అడుగుదురు గనుక, పద్దుల పట్టికను మేము వెంట తెచ్చుచున్నాము.